వైద్యవిజ్ఞాన తపస్వి యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన గ్రంథాలయ రజతోత్సవమునకై విజ్ఞానశాస్త్రముయొక్కయు, వైద్యముయొక్కయు చరిత్రను దెలుపు ప్రదర్శన మొకటి యేర్పరుపవలెనని నిశ్చయించినప్పుడు, ఎవరెవరి పటములు గోడకు వ్రేలాడగట్టవలెనను చర్చ కొంత జరిగినది. చరక సుశ్రుతుల పేర్లు మొదట వచ్చినవి. మశూచికమునకు టీకాల విధానమును కనిపెట్టిన జెన్నరు, వెఱ్ఱికుక్క కాటునకు చికిత్స కనిపెట్టిన పాశ్చరు, 1897 ఆగష్టు నెలలో మన సికిందరాబాదుననే దోమ కడుపులో చలిజ్వరపు క్రిమిని చూచిన రోనాల్డు రాస్, వీరిని గూర్చి యెవరికిని సందేహము కలుగలేదు. యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెప్పినప్పుడు మాత్రము ఆయన యెవరని యడిగినవారే యెక్కువ.

అట్లడిగినవారిలో, కడుపుతో నున్నప్పుడు ఆరోగ్యకేంద్రమువా రిచ్చిన ఐరను మాత్రలు మ్రింగిన తల్లులు కలరు. బోదకాలు రాకుండుటకై పంచిన మాత్రలను చేతబట్టుకొని, మ్రింగుదుమా మానుదుమా యని సంశయించినవారును కలరు. ఆ రెండు మాత్రల వెనుకను ఉన్న మనుష్యుడు మన తెలుగువాడే. దూరదేశమున పనిచేసి యక్కడనే మరణించుటచేతను, తన పేరు ముందుకు త్రోసికొను స్వభావము లేకపోవుటచేతను, ఆయన మన యిండ్లలోనికి వచ్చియు మనకు తెలియకయే యున్నారు. అందుచే ఆయన జీవితమును నాకు తెలిసినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాను.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూశాఖలో ఉద్యోగి, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో ఈయన నాల్గవవారు. ఆ కాలమున రెవిన్యూశాఖలోని చిన్న యుద్యోగముల జీతములతో అంత సంసార మెట్లు గడచెడిదో ఆ శాఖ లెక్కలతో పరిచయమున్నవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

బాల్యమున ఈయనకు చదువుపై దృష్టి తక్కువ. ధనము సంపాదింపవలెనను కోరిక మాత్రము మెండు. పదుమూడేండ్ల ప్రాయమున, కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడు కావలెనని బంధువుల పిల్లవానితో గూడి యిల్లు విడిచి పోయెను. పెద్దలు పట్టి తీసికొనివచ్చిరి. వెంకమ్మగారు కఠినముగ మందలించి మరల బడిలో వేసిరి. ఆ తల్లి పట్టుదలయే లేకున్న ఈ చరిత్ర అరటిపండ్ల దుకాణముతో ముగిసియుండెడిది. రాజమహేంద్రవరమున కొంతకాలము చదివి, మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు చెన్నపట్టణమున తిరువల్లిక్కేణి హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణుడయ్యెను. పరీక్ష తప్పిన పిల్లలను పనికిరానివారని తీర్మానించు తండ్రులు మన గ్రామమునను కలరు గనుక ఈ సంగతి దాచక వ్రాసితిని.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్నప్పుడు ఆయన మనస్సు గణితమువైపునకును, వైరాగ్యమువైపునకును ఒక్కమారే లాగబడినది. రామకృష్ణమఠమునకు తఱచు పోవుచు సన్న్యసింపవలెనని తలచిరి. తల్లి యనుమతి లేక మఠమువారు చేర్చుకొనలేదు. తల్లి యనుమతి యిచ్చుట కలలోని మాట. వైద్యము నేర్చినచో రోగులకు సేవచేయవచ్చునను తలంపుతో 1915లో మద్రాసు వైద్యకళాశాలలో ప్రవేశించిరి. 1919 మే నెలలో శేషగిరిగారితో వివాహము జరిగినది. మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు అల్లుని చదువునకు ధనసహాయము చేసిరి.

అది గాంధిమహాత్ముని పిలుపు దేశమంతట వినబడుచున్న కాలము. సుబ్బారావుగారు ఖద్దరు బట్టతో కుట్టించిన యంగీని శస్త్రచికిత్సాలయములో ధరించిరి. శస్త్రశాస్త్రాచార్యుడైన బ్రాడ్‌ఫీల్డు దొరకు అది గిట్టలేదు. పరీక్షలలో బాగుగ వ్రాసినను, ఎం.బి.బి.యస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే లభించినది. మూరెడు ఖద్దరునకు అంత మూల్యము చెల్లించినను, ఆయన దానిని మార్చుకొనలేదు.

ఈ కాలముననే ఆయన జీవితమును మలుపుద్రిప్పిన విపత్తు సంభవించినది. అన్నయైన పురుషోత్తముగారును, తమ్ముడైన కృష్ణమూర్తిగారును కొలదిదినముల వ్యవధిలో ఒకే వ్యాధికి బలియైరి. ఇంగ్లీషు వైద్యులు దానిని స్ప్రూ యందురు. మన వైద్యగ్రంథములలో గ్రహణి, సంగ్రహణి యను పేర్లతో చెప్పిన రోగములతో దీనికి పోలికలు పెక్కు గలవు. తిన్నది వంటబట్టదు, విరేచనములు కట్టవు, నాలుక పూసి, ఒడలు పాలిపోయి, రక్తము నీరై మనుష్యుడు ఎండిన కట్టెయగును. ఇంటిలో ఒక వైద్యుడు తయారగుచుండగా ఇద్దఱు సోదరులు ఆ వైద్యుని కన్నుల యెదుటనే పోయిరి. అతడు నేర్చిన శాస్త్రములో దానికి మందు లేదు. సుబ్బారావుగారు తామును ఆ వ్యాధిపాలై, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే కోలుకొనిరని చెప్పుదురు. ఇంగ్లీషు వైద్యమును ఆయుర్వేదమును రెండును ఎఱిగిన ఆ లక్ష్మీపతిగారి ఆధ్వర్యవముననే నడచిన మద్రాసు ఆయుర్వేద కళాశాలలో సుబ్బారావుగారు శారీరశాస్త్ర బోధకులుగ కొంతకాలము పనిచేసిరి. ప్రభుత్వ వైద్యశాఖ తలుపు మూయగా దేశీయవైద్యుల తలుపు తెఱచుకొనుట గమనింపదగినది.

అమెరికాకు పోయి ఉష్ణదేశ వ్యాధులను గూర్చి నేర్వవలెనను సంకల్పము ఆయనకు దృఢపడినది. దానికి ధనమెక్కడిది? కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకరు ధర్మసంస్థ కొంత సహాయము చేసెను. మామగారు కొంత సమకూర్చిరి. ఈ సత్యలింగం నాయకరుగారు కోరంగి ప్రాంతమున పేదయింట పుట్టి, సముద్రము దాటి రంగూనునకు పోయి, వర్తకమున గడించిన ధనమును ధర్మకార్యములకు విడిచిన పుణ్యాత్ముడు. తీరవాసియైన యొక మనుష్యుడు రంగూనులో కూడబెట్టిన రూకలు, తీరవాసులను పీడించు జాడ్యమునకు మందు కనుగొనబోవు వానిని అమెరికాకు చేర్చినవి. దానము చేసిన నాయకరుగారికి ఆ సంగతి తెలియు నవకాశమే లేదు. ఆయన అప్పటికే కీర్తిశేషుడు.

1922 అక్టోబరు 26వ తేదీన సుబ్బారావుగారు బోస్టను నగరమున దిగిరి. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఉష్ణదేశ వైద్యపాఠశాలలో చేరిరి. ఆ పాఠశాల యధ్యక్షుడు రిచర్డు స్ట్రాంగు ఈయన దైన్యమును చూచి సాయపడెను. మన దేశపు వైద్యపట్టముతో అక్కడ వైద్యము చేయ వీలులేదు. కావున పీటర్ బెంట్ బ్రిగ్‌హాం ఆసుపత్రిలో రాత్రివేళ పనివానిగ కుదిరి, రోగుల మలమూత్రపాత్రలు కడిగి పొట్టపోసికొనిరి. కుల మర్యాదలు, ఆచారములు దట్టముగ నున్న కుటుంబమునుండి వచ్చిన యువకుడు ఆ పనిని చిన్నతనముగ భావింపలేదు. పగలు చదువు, రాత్రి కడుగుడు, ఇట్లు సాగినది.

ఆ పాఠశాలలో యోగ్యతాపత్రము పొందిన పిదప జీవరసాయనశాఖలో సైరస్ ఫిస్కె యను ఆచార్యుని వద్ద పరిశోధన కుదిరినది. వారిరువురి మొదటిపని ఒక లెక్కపద్ధతి. రక్తములోను మూత్రములోను భాస్వరమెంత యున్నదో కొలుచుట యప్పటికి కష్టసాధ్యముగ నుండెడిది. నమూనాలో కొన్ని ద్రవ్యములు కలిపినచో నీలిరంగు పుట్టును. భాస్వర మెక్కువయైనకొలది నీలము చిక్కనగును. ఆ చిక్కదనమును బట్టి పరిమాణము తేల్చవచ్చును. 1925లో ప్రకటితమైన ఈ పద్ధతి ఫిస్కె సుబ్బారావు పద్ధతియను పేర ప్రయోగశాలల కెక్కినది. వంద సంవత్సరములు గడచినను జీవరసాయన విద్యార్థులు దానిని చదువుచునే యున్నారు. లోకమున ఆయన పేరు నిలిచియున్న స్థలములలో నిదియొకటి. సరియైన కొలత లేనిదే శాస్త్రము లేదనుట లెక్కలు వ్రాయువారికి వింతగొలుపదు.

కొలుచు సాధనము చేతికి రాగానే కండరములోని భాస్వరమును కొలిచిరి. లెక్క పొసగలేదు. ఉండవలసినదానికంటె ఎక్కువ కనబడుచు, క్షణక్షణము మాఱుచుండెను. లెక్క పొసగనిచోట ఏదో యొక పద్దు దాగియుండును. ఆ దాగిన పద్దే ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము. 1927లో దానిని బయటపెట్టిరి. 1929లో అంతకంటె ముఖ్యమైన అడినోసిన్ ట్రైఫాస్ఫేటు, అనగా ఏ.టి.పి. యను పదార్థమును కండరమునుండి వేఱుపఱచిరి. అదే సంవత్సరము జర్మనీలో కార్లు లోమను అను నతడు స్వతంత్రముగ అదే పదార్థమును కనుగొనెను గాన ఆ గౌరవము ఇరుపక్షములకును చెందును.

ఈ పదార్థమేమి చేయునో మన పల్లెవారికి సులభముగ చెప్పవచ్చును. గాదెనిండ వడ్లున్నను ఆకలిగొన్నవాడు గాదెను తినలేడు. వడ్లు దంచవలెను, బియ్యము కుండలోని కెక్కవలెను, అన్నము విస్తటిలో పడవలెను. మనము తిన్న యాహారమునుండి శరీరము దాచుకొనిన క్రొవ్వు, చక్కెర గాదెలోని వడ్లవంటివి. ఏ.టి.పి. విస్తటిలోని యన్నము. చేయి కదలవలెనన్నను, గుండె కొట్టుకొనవలెనన్నను, శరీరము ఖర్చుపెట్టునది దీనినే. ఫాస్ఫోక్రియాటిన్ ప్రక్కనున్న కుండవంటిది. విస్తరి ఖాళీయగునప్పుడు వెంటనే వడ్డించును. పరుగిడు మనుష్యునియందును, ఈదు చేపయందును, మొలకెత్తు వరిగింజయందును ఈ ఏ.టి.పి. యొక్కటియే. 1922లో కండరముల పనిని గూర్చి నోబెలు బహుమాన మిచ్చినప్పుడు శాస్త్రజ్ఞులు తలచిన సిద్ధాంతము ఈ రెండు పదార్థములు బయటపడుటతో మార్చుకొనవలసి వచ్చినది.

1930లో హార్వర్డువారు సుబ్బారావుగారికి డాక్టరేటు పట్టమిచ్చిరి. స్థిరమైన యాచార్యపదవి మాత్రమీయలేదు. ఫిస్కెకును ఈయనకును మధ్య నేమి జరిగినదను విషయమై పలువురు పలువిధముల వ్రాసిరి. ఆ ప్రయోగశాలలోనే పనిచేసి, తరువాత 1988లో నోబెలు బహుమానము పొందిన జార్జి హిచింగ్సు, ఫిస్కె యీర్ష్యచే సుబ్బారావుగారి పరిశోధనలు కొన్ని వెలుగుచూడకపోయినవని తెలిపెను. ఆ సంగతి యట్లుండ, పరాయిదేశపువాడగుట, రంగు, తన పనిని తాను చాటుకొనలేని మొగమోటము ఇవియు నడ్డుపడి యుండును. పదునెనిమిదేండ్లు తూర్పుతీరపు ఆ నగరమున గడిపి, 1940లో ఆయన న్యూయార్కు రాష్ట్రములోని పెర్ల్ రివర్ అను ఊరిలో లెడర్లీ యను మందుల కంపెనీ ప్రయోగశాలకు మారిరి. కొలదికాలముననే అక్కడి పరిశోధనకంతటికి అధిపతియైరి. సోదరులను పొట్టబెట్టుకొనిన రోగముపై పోరునకు అక్కడ తగిన బలగము చిక్కినది.

ఇచ్చట కొంచెము వెనుకకు పోవలెను. 1926లో బోస్టను వైద్యులైన మైనటు, మర్ఫీ యనువారు ఘోరమైన పాండురోగమునకు జంతువుల కాలేయము తినిపించి కుదిర్చిరి. కాలేయములో నేదో యున్నదని తేలినది, ఏమియో తెలియదు. దాదాపు అదే కాలమున లూసీ విల్సు అను వైద్యురాలు బొంబాయికి వచ్చి, నూలుమిల్లులలో పనిచేయు పేద గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశీలించి, ఈస్టు సారముచే నది కుదురునని కనుగొనెను. 1941లో అమెరికాలో కొందఱు శాస్త్రజ్ఞులు టన్నులకొలది పాలకూరనుండి ఒక పదార్థమును చిటికెడు తీసి, ఆకులో నుండుటచే దానికి ఫోలిక్ ఆమ్లమని పేరుపెట్టిరి. కాలేయములోనిది, ఈస్టులోనిది, ఆకులోనిది బంధువులే యని క్రమముగ తెలియవచ్చినది. కాని టన్నుల ఆకునుండి చిటికెడు తీసి రోగుల కిచ్చుట యసాధ్యము. దాని నిర్మాణమును విడదీసి చూచి, ప్రయోగశాలలో తయారుచేయవలెను. లెడర్లీలో సుబ్బారావుగారి బలగము 1945లో ఆ పని సాధించినది. దానిని ప్రకటించిన వ్యాసమున 16 మంది పేర్లున్నవి. పరిశోధనకు అధిపతియైన సుబ్బారావుగారి పేరు నడుమనెక్కడనో, ఏడవది. తమ పేరు పైన నుంచుకొను నధికారముండియు నుంచుకొనలేదు.

ఆ మందు వెంటనే టాం స్పైసు అను వైద్యుని చేతికి చేరినది. అతడు అమెరికా దక్షిణప్రాంతమునందును క్యూబా ద్వీపమునందును స్ప్రూ రోగుల కిచ్చి చూచెను. పాలిపోయిన మొగములకు రక్తము వచ్చినది, ఆకలి పుట్టినది. పురుషోత్తము, కృష్ణమూర్తిగారలు గతించిన పాతికయేండ్లకు పైబడిన తరువాత వారి రోగమునకు మందు దొరికినది. నేడు మన ఆరోగ్యకేంద్రములలో గర్భిణుల కిచ్చు ఐరను మాత్రలో ఈ ఫోలిక్ ఆమ్లము కలిసియున్నది. గర్భము ధరించుటకు ముందునుండియు దీనిని పుచ్చుకొన్నచో శిశువు వెన్నెముకలో లోపములు చాలవరకు రావని 1991లో ముగిసిన పరీక్షలవలన స్థిరపడినది. అయితే కాలేయముచే కుదిరిన ఆ ఘోర పాండురోగమునకు అసలు మందు వేఱు. అది బి-12 అను విటమిను. 1948లో ఇతరులు దానిని వేఱుపఱచిరి. సుబ్బారావుగారు సంవత్సరములకొలది కాలేయసారములో దానినే వెదకిరి. దానిని వెదకుచు దీనిని సాధించిరి.

ఫోలిక్ ఆమ్లమునుండియే మఱియొక ఆశ్చర్యకరమైన మందు పుట్టినది. బోస్టను పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు క్యాన్సరు వచ్చిన పిల్లలను చూచుచుండెను. ఆ వ్యాధి కప్పుడు చికిత్స లేదు. వచ్చిన పిల్లవాడు వారములలోనో నెలలలోనో పోవుటయే. ఫోలిక్ ఆమ్లమునకు చెందిన మందులిచ్చినచో వ్యాధి యింకను ప్రకోపించునట్లు ఫార్బరునకు కనబడినది. అట్లయినచో దానికి శత్రువైన పదార్థమిచ్చిన వ్యాధి యణగదా? సుబ్బారావుగారి సహచరులు అట్టి పదార్థములను చేసియిచ్చిరి. గట్టిగింజకును తాలుగింజకును పైకి భేదము కనబడదు. తాలు విత్తినచో మొలక రాదు. ఆ పదార్థములు ఫోలిక్ ఆమ్లపు తాలుగింజలు. అదుపులేక పెరుగు కణములు ఆబగా వానిని గ్రహించి పెరుగుదల యాగిపోవును. 1948లో ఫార్బరు 16 మంది పిల్లలకు అమినాప్టెరిన్ ఇచ్చిన ఫలితములు ప్రకటించెను. వారిలో 10 మందికి వ్యాధి తాత్కాలికముగ వెనుకకు తగ్గినది. ఆ తగ్గుదల నిలువలేదు; కాని అంతకుముందు అదియు లేదు. దాని తరువాతిదైన మెథోట్రెక్సేటు నేటికిని క్యాన్సరు వైద్యమునందును, స్వల్పమాత్రలో కీళ్లవాతమునందును వాడబడుచున్నది. కీళ్లవాతమునకు ఈ మందు వారమునకొకసారి వేయునది. వైద్యుని యాజ్ఞ మీఱి దినమును మ్రింగినచో ప్రాణాపాయము.

ఇక బోదకాలు. మన తీరవాసులకు దీనిని వర్ణించి చెప్పనక్కఱలేదు. గజ్జలో బిళ్లకట్టుట, చలితో జ్వరము, కాలు వాచుట, తగ్గుట, మరల వాచుట, చివరకు ఏనుగుకాలై నిలిచిపోవుట. వల లాగువాడు వల లాగలేడు, నాట్లు వేయు స్త్రీ మడిలో దిగలేదు. పెండ్లి కావలసిన పడుచుకు వచ్చినచో ఆ యింటి దుఃఖము చెప్పనలవి కాదు. మగవారిలో వరిబీజముగ పరిణమించినను సిగ్గుచే దాచుకొందురు. మన ప్రాచీనులు దీనిని శ్లీపదమనిరి. పాతనీరు నిలువయుండి, అన్ని ఋతువులందును చల్లగ నుండు దేశములలో ఇది విశేషముగ పుట్టునని వ్రాసియుంచిరి. నీటిని వారు సరిగనే పట్టుకొనిరి. ఆ నీటిలో పుట్టు దోమను పట్టుకొనలేదు. దోమలో ఈ క్రిమి పెరుగుచున్నదని 1877లో చైనా తీరమున మాన్సను అను వైద్యుడు చూచెను. క్రిమిపిల్లలు రాత్రివేళ రక్తములోనికి వచ్చును గనుకనే బోదకాలు పరీక్షవారు రాత్రి వచ్చి వ్రేలినుండి రక్తము తీయుదురు. మురుగుకాలువలలో పుట్టు దోమయే దీనిని ఇల్లిల్లు తిప్పునది.

రెండవ ప్రపంచయుద్ధమున పసిఫికు ద్వీపములలో దిగిన అమెరికను సైనికులకు ఈ వ్యాధి సోకినది. శతాబ్దములుగ మనకున్న బాధ వారికి తగిలినప్పుడు మందుకై వెదకులాట ముమ్మరమైనది. దీనికి నిష్ఠురమాడి లాభములేదు; పెక్కు మందులు యుద్ధములవలననే పుట్టినవి. కాని ఆ వెదకులాట నడపినవాడు ఉష్ణదేశముల రోగములకై సముద్రము దాటిన గోదావరి తీరపువాడగుట కేవలము యాదృచ్ఛికము కాదు. ఆయన క్రింద పనిచేసిన హ్యూయిటు మొదలగువారు అనేక పదార్థములను ఎలుకలకును కుక్కలకును ఇచ్చి చూచి, 1947లో డైఇథైల్ కార్బమజీను అను మందును తేల్చిరి. హెట్రజాను అను పేర అది ప్రసిద్ధమయ్యెను. ప్యూయర్టోరికో ద్వీపమున రోగులకు ఇవ్వగా రక్తములోని క్రిమిపిల్లలు మాయమయ్యెను. మందు చౌక, నోటితో మ్రింగునది, సూదితో పనిలేదు.

మన దేశమున 1955లో బోదకాలు నివారణ కార్యక్రమము మొదలైనది. 2004నుండి రోగమున్న జిల్లాలలో సంవత్సరమునకొకమారు ఇంటింటికి ఈ మాత్రలు పంచు పద్ధతి విస్తృతముగ నడచినది. చైనావారు దీనిని ఉప్పులో కలిపి ప్రజలకు తినిపించి, 2007నాటికి తమ దేశమున ఈ వ్యాధిని నిర్మూలించిరి. మనవద్ద మాత్రలు పంచినదెంతయో, మ్రింగినదెంతయో వేఱువేఱు లెక్కలు. రోగములేని నాకెందుకని కొందఱు, తలతిరుగునని కొందఱు చూరులో దోపిరి. రక్తములో క్రిములున్నవానికే మాత్ర వేసినప్పుడు జ్వరము, తలనొప్పి వచ్చుట హెచ్చు. అవి క్రిములు చచ్చుటవలన కలుగు బాధలు, ఒకటి రెండు దినములలో తగ్గును. రోగములేదని తలచువాని రక్తముననే క్రిమి దాగియుండి దోమద్వారా పొరుగింటికి పోవును. ఇదివఱకే ఏనుగుకాలైన కాలు ఈ మందుచే మామూలు కాదు. దినమును సబ్బుతో కడిగి, పుండ్లు పడకుండ చూచుకొనుటయే దానికి ఉపాయము. గర్భిణులకును, రెండేండ్లలోపు పిల్లలకును, తీవ్రరోగులకును ఈ మాత్ర లీయరు. తక్కినవారు అన్నము తిని, పంచువారి యెదుటనే మ్రింగవలసినది.

లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నాయకత్వముననే వెలువడిన వేఱొక మందు ఆరియోమైసిను. డెబ్బదియేండ్లు పైబడిన డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుని, ఇతరులు ముసలివాడని విడిచినవానిని, తెచ్చి పెట్టుకొనిరి. ఆ వృద్ధుడు మిస్సోరి రాష్ట్రపు పొలములోని మట్టినుండి బంగారువన్నె బూజును పట్టి, దానినుండి ఈ మందును తీసెను. టెట్రాసైక్లిను జాతి మందులలో నిదియే మొదటిది. 1948లో లోకమునకు వెల్లడియైనది.

ఇంత చేసిన మనుష్యుడు ఎట్లు జీవించెను? మితవ్యయము, పుస్తకములు, పగలు రాత్రి తేడాలేని పని. పెద్దవయస్సున విమానము నడుపుట నేర్చుకొనిరి. భారతీయులకు అమెరికా పౌరసత్వము పొందు నర్హత 1946వరకు చట్టరీత్యా లేకుండెను. ఆ యర్హత వచ్చిన పిదపను ఆయన పౌరసత్వము తీసికొనలేదు. స్వదేశమునకు తిరిగియు రాలేదు.

ఈ విషయము వ్రాయునప్పుడు శేషగిరిగారిని మరువరాదు. పెండ్లియైన మూడేండ్లకు భర్త సముద్రము దాటెను. కొలదికాలములో వత్తునన్న ప్రయాణము ఇరువదియాఱేండ్లు సాగి, రాక లేకయే ముగిసినది. వారికి కలిగిన యొక్క కుమారుడు పసితనముననే గతించెను. ఆ దంపతులు మరల నొకరినొకరు చూడలేదు. సుబ్బారావుగారి తపస్సును మెచ్చుకొనువారు చాలమంది యున్నారు. ఆ తపస్సునకు ఎవరి జీవితము సమిధయైనదో చెప్పక ఆయన చరిత్ర వ్రాయుట న్యాయముకాదని నా యభిప్రాయము. ఆయన చేసినది తప్పని తీర్పుచెప్ప నేను పూనుకొనను. ఒప్పని చెప్పుటకును నాకు నోరురాదు.

1948 ఆగష్టు 8వ తేదీన, ఏబదిమూడేండ్ల ప్రాయమున, పెర్ల్ రివర్‌లోని తన నివాసమున సుబ్బారావుగారు నిద్రలోనే గుండె యాగి మరణించిరి. ఫార్బరుని వ్యాసము వెలువడి రెండునెలలు దాటి కొలదిదినములే యైనది. స్వదేశము స్వతంత్రమై సంవత్సరము నిండుటకు ఏడుదినములు తక్కువ.

1995లో శతజయంతి సంవత్సరమున భారతప్రభుత్వమువారు ఆయన బొమ్మతో తపాలాబిళ్ల వేసిరి. అంతకుముందే, 1953లో, అమెరికాలో హెసెల్టైను అను శాస్త్రజ్ఞుడు మురుగునీటిని శుద్ధిచేయు రాళ్లపై పెరుగు నొక క్రొత్త బూజును వర్ణించి, దానికి సుబ్బారోమైసిస్ అని ఆయన పేరుపెట్టెను.